ఉత్తేజక మందులు, డోపమైన్, ఎలుక ప్రవర్తన: ప్రయోగాన్ని అడుగడుగునా ఎలా నడపాలి

కిలో బరువుకు 1 మి.గ్రా. ఆంఫెటమిన్ అనే ఉత్తేజక మందు అందిన ఎలుక పెట్టె అంతా కలయదిరుగుతుంది. అదే 5 మి.గ్రా. ఇస్తే కాసేపటికే ఒక మూలకు చేరి, తల ఊపుతూ, నేలనో గోడనో ఆగకుండా వాసన చూస్తూ అక్కడే ఉండిపోతుంది. నడిచిన దూరాన్ని మాత్రమే లెక్కపెట్టే యంత్రానికి ఈ రెండో ఎలుక దాదాపు మామూలుగా ఉన్నట్టే కనిపిస్తుంది. దాని స్ట్రయేటమ్‌లో (కదలికలను నడిపే మెదడు లోపలి భాగంలో) డోపమైన్ అనే నాడీ రసాయనం మాత్రం మొదటి ఎలుకలో కంటే ఎక్కువే. ఈ రంగంలో తప్పుడు తీర్మానాలు చాలావరకు ఇక్కడే పుడతాయి. ప్రవర్తనను ఒక్క సంఖ్యకు కుదించి, ఆ సంఖ్యను బట్టి మెదడులో ఏం జరిగిందో ఊహించేస్తారు. రెండింటినీ విడివిడిగా, కానీ ఒకే గడియారం ప్రకారం కొలవాలి. అదెలాగో ఇక్కడ చెబుతున్నాం. ఇది అనుమతి ఉన్న ప్రయోగశాలలో, శిక్షణ పొందినవారి పర్యవేక్షణలో పనిచేసేవారి కోసం. ‘ఎలుక’ అన్నచోట ర్యాట్ అని, ‘చిట్టెలుక’ అన్నచోట మౌస్ అని అర్థం చేసుకోండి.

1. మందు ఎక్కడ పట్టుకుంటుందో ముందు తెలుసుకోండి

డోపమైన్ నాడీకణాల్లో ప్రధానమైన గుంపులు రెండు మధ్యమెదడులో ఉంటాయి. సబ్‌స్టాన్షియా నైగ్రా నుంచి వెళ్లే తంతువులు డోర్సల్ స్ట్రయేటమ్‌కు చేరతాయి. వెంట్రల్ టెగ్మెంటల్ ప్రాంతం నుంచి వెళ్లేవి న్యూక్లియస్ అకంబెన్స్‌కు, ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌కు చేరతాయి. విడుదలైన డోపమైన్‌ను తిరిగి కణంలోకి లాక్కునేది డోపమైన్ ట్రాన్స్‌పోర్టర్, అంటే డ్యాట్. కణం లోపల దాన్ని సంచుల్లో నింపేది వీమ్యాట్2.

కొకైన్, మిథైల్‌ఫెనిడేట్ డ్యాట్‌కు అడ్డం పడతాయి. నాడీకణం స్పందించినప్పుడు విడుదలైన డోపమైన్ వెనక్కి పోలేక బయటే పేరుకుంటుంది. అంటే కణం స్పందించడం ఆపేస్తే ఈ మందులు పెద్దగా ఏమీ చేయలేవు. ఆంఫెటమిన్ దారి వేరు. అది డ్యాట్ గుండానే లోపలికి వెళ్లి, వీమ్యాట్2 పనిని చెడగొట్టి, సంచుల్లోని డోపమైన్‌ను కణరసంలోకి వదిలిస్తుంది. ఆ తర్వాత డ్యాట్ వెనక్కి తిరిగి డోపమైన్‌ను బయటికి తోస్తుంది. దీనికి కణం స్పందించాల్సిన పని లేదు. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి. మీ కొలత నిజమైనదో కాదో తేల్చుకోవడానికి 9వ మెట్టులో ఇదే పనికొస్తుంది.

1996లో డ్యాట్ జన్యువు తొలగించిన చిట్టెలుకలను తయారుచేశారు. అవి ఏ మందూ లేకుండానే విపరీతంగా తిరిగాయి. కొకైన్, ఆంఫెటమిన్ ఇచ్చినా వాటి నడక ఇంకా పెరగలేదు. 2006లో కొకైన్ అతుక్కోలేని డ్యాట్ ఉన్న చిట్టెలుకలు వచ్చాయి. వాటిలో కొకైన్ డోపమైన్‌నూ పెంచలేదు, నడకనూ పెంచలేదు. అయితే కొకైన్ నోరెపినెఫ్రిన్, సెరటోనిన్ ట్రాన్స్‌పోర్టర్లను కూడా అడ్డుకుంటుంది. ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో డ్యాట్ చాలా తక్కువ. అక్కడ డోపమైన్‌ను ఎక్కువగా లాక్కునేది నోరెపినెఫ్రిన్ ట్రాన్స్‌పోర్టరే. అందుకే కార్టెక్స్‌లో కొలిచిన పెరుగుదలను డ్యాట్ ఖాతాలో వేయకూడదు.

2. గుంపులు, జంతువులు

అనుమతుల సంగతి ముందే తేల్చుకోండి. జంతు నైతిక సంఘం ఆమోదం, నియంత్రిత మందులు ఉంచుకునే లైసెన్సు, తాళం వేసిన అల్మరా, ప్రతి మిల్లీగ్రాముకూ లెక్క రాసే రిజిస్టరు లేకుండా సీసా మూత తీయకూడదు.

గుంపుకు 8 నుంచి 12 జంతువులు మామూలు. డోపమైన్ కొలతలో ప్రోబ్ (మెదడులోకి దించే సన్నని గొట్టం) తప్పుచోట దిగడం, ట్యూబు మూసుకుపోవడం వల్ల కొన్ని పోతాయి. ఆ నష్టాన్ని అంచనాలోనే కలుపుకోండి. కనీసం నాలుగు గుంపులు పెట్టండి: సెలైన్, తక్కువ డోసు, మధ్య డోసు, ఎక్కువ డోసు. డోసు పెరిగేకొద్దీ నడక పెరిగి, తర్వాత తగ్గుతుంది. ఒకే డోసుతో చేసిన ప్రయోగం ఆ గంట ఆకారపు వంపులో ఏ వైపున ఉందో చెప్పలేదు.

ఒకే జంతువుకు అన్ని డోసులూ వంతులవారీగా ఇవ్వాలని అనిపిస్తుంది. మామూలు మందులకు అది మంచి పద్ధతే. ఉత్తేజకాలతో మాత్రం ఒక్క డోసు కూడా తర్వాతి స్పందనను మార్చేయగలదు. అలా తప్పనిసరైతే డోసుల మధ్య కనీసం వారం విరామం ఇవ్వండి, క్రమాన్ని జంతువు జంతువుకూ మార్చండి, లెక్కలో క్రమాన్ని కూడా ఒక కారకంగా చేర్చండి. మా సలహా అడిగితే, వేర్వేరు గుంపులే మేలు.

జాతి, ఉపజాతి పేర్లు పూర్తిగా రాయండి. చిట్టెలుకలకు ‘సీ57బీఎల్/6’ అని రాస్తే చాలదు. చివరన జే ఉందా, ఎన్ ఉందా అన్నది అసలు విషయం. ఎన్ ఉపజాతిలో సిఫిప్2 అనే జన్యువులో ఒక మార్పు ఉందని, దానివల్ల కొకైన్‌కు స్పందన తగ్గుతుందని 2013లో తేలింది. జన్యువు తొలగించిన చిట్టెలుకలను ఒక ఉపజాతిలో పెంచి, పోల్చే గుంపును మరో ఉపజాతి నుంచి తెచ్చుకుంటే వచ్చే తేడా మీ జన్యువుదో సిఫిప్2దో ఎవరూ చెప్పలేరు. ఆడ, మగ రెండింటినీ వాడండి. ఆడ ఎలుకలు సాధారణంగా ఉత్తేజకాలకు ఎక్కువగా స్పందిస్తాయి, ఈస్ట్రస్ (సంతానోత్పత్తి) చక్రంతో ఆ స్పందన హెచ్చుతగ్గులవుతుంది. ఆ చక్రం తెలుసుకోవడానికి యోని స్మియర్ తీసే పని పెట్టుకుంటే మగవాటికి కూడా అంతే సేపు చేయి తగలాలి, లేకపోతే ఒత్తిడిలో తేడా వస్తుంది.

ఎలుకలు రాత్రిపూట చురుగ్గా ఉంటాయి. 12 గంటల వెలుగు, 12 గంటల చీకటి చక్రాన్ని తిరగేసి, కనీసం 10 రోజులు అలవాటు పడనిచ్చి, చీకటి సమయంలో పరీక్షించండి. ప్రయోగం రోజూ ఒకే సమయానికి మొదలవ్వాలి.

3. మందు కలపడం

ముందుగా తేల్చుకోవాల్సింది: డోసును లవణం బరువుతో చెబుతున్నారా, బేస్ (లవణంలోని అసలు మందు) బరువుతోనా? డి-ఆంఫెటమిన్ సల్ఫేట్ అణుభారం 368.5. అందులో 135.2 భారం గల బేస్ అణువులు రెండు, అంటే దాదాపు 73 శాతం. సల్ఫేట్ 1 మి.గ్రా. ఇచ్చామంటే బేస్ 0.73 మి.గ్రా. ఇచ్చినట్టు. కొకైన్ హైడ్రోక్లోరైడ్‌లో బేస్ 89 శాతం. పాత ఫలితంతో మీ ఫలితం కలవకపోతే మొదట చూడాల్సింది ఇదే.

కరిగించడానికి 0.9 శాతం స్టెరైల్ సెలైన్ చాలు. ఎలుకకు కిలోకు 1 మి.లీ., చిట్టెలుకకు కిలోకు 10 మి.లీ. చొప్పున ఇచ్చేలా గాఢత లెక్కేయండి. అంటే ఎలుకకు కిలోకు 1 మి.గ్రా. ఇవ్వాలంటే ద్రావణం మి.లీ.కు 1 మి.గ్రా. ఉండాలి. 320 గ్రాముల ఎలుకకు 0.32 మి.లీ. పడుతుంది. అన్ని గుంపులకూ పరిమాణం ఒకటే ఉండాలి, గాఢత మాత్రమే మారాలి. సిరంజీలను మరొకరు నింపి కోడు వేయాలి. ప్రవర్తనను చూసే మనిషికి ఆ కోడు తెలియకూడదు.

వాడుకలో ఉన్న డోసుల పరిధి ఇలా ఉంటుంది. ఎలుకకు డి-ఆంఫెటమిన్ 0.5 నుంచి 1.5 మి.గ్రా. దాకా నడకను పెంచుతుంది. 2.5 దాటాక స్టీరియోటిపీ, అంటే ఒకే చేష్టను ఆపకుండా చేయడం, మొదలవుతుంది. కొకైన్ 10 నుంచి 20 మి.గ్రా., మిథైల్‌ఫెనిడేట్ 1 నుంచి 10 మి.గ్రా. వాడతారు. చిట్టెలుకలకు ఆంఫెటమిన్ 2 నుంచి 5 మి.గ్రా. దాకా వెళ్తారు. ఇవన్నీ కిలో బరువుకు, పొట్టలోకి లేదా చర్మం కింద ఇచ్చే డోసులు. మీ జాతికి, మీ గదికి సరిపోయే డోసు కోసం చిన్న పైలట్ తప్పదు.

4. జంతువుకు అలవాటు, ఇంజెక్షన్

సూది గుచ్చడం ఒక్కటే డోపమైన్‌ను కొంత కదిలించగలదు, ముఖ్యంగా ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో. కాబట్టి ప్రయోగానికి ముందు ఐదు రోజులపాటు రోజూ జంతువును చేతిలోకి తీసుకోండి. చివరి రెండు రోజులు సెలైన్ ఇంజెక్షన్ కూడా ఇవ్వండి.

పొట్టలోకి ఇచ్చేటప్పుడు తల కొంచెం కిందికి వంచి, పొట్ట కింది భాగంలో కుడివైపున 25 లేదా 27 గేజి సూది వాడండి. ఎడమవైపు సీకమ్ (పేగులో సంచి లాంటి భాగం) ఉంటుంది. మందు పేగులోకో కొవ్వులోకో పోతే జంతువు స్పందించదు, లేదా ఆలస్యంగా స్పందిస్తుంది. గుంపులో ఒక్క జంతువే పూర్తిగా చప్పబడిపోతే మొదటి అనుమానం దీని మీదే. ఆంఫెటమిన్‌ను చర్మం కింద ఇస్తే ఈ బెడద ఉండదు. కొకైన్‌ను పదేపదే చర్మం కింద ఇవ్వొద్దు, రక్తనాళాలు కుంచించుకుపోయి అక్కడ పుండ్లు పడతాయి.

5. నడక, స్టీరియోటిపీ

ఎలుకకు 45 నుంచి 100 సెం.మీ., చిట్టెలుకకు సుమారు 40 సెం.మీ. భుజం ఉన్న చదరపు పెట్టె తీసుకోండి. ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు లేదా పైనుంచి కెమెరా, ఏదైనా సరే. వెలుతురు పెట్టె నాలుగు మూలలా సమానంగా ఉండాలి, లక్స్ మీటరుతో కొలిచి రాసుకోండి. ఒక్కో జంతువు తర్వాత ఆల్కహాల్‌తో తుడిచి, వాసన పూర్తిగా పోయేదాకా ఆగండి.

వరస ఇది. మొదటి 60 నిమిషాలు పెట్టెకు అలవాటు. తర్వాత సెలైన్ ఇచ్చి 30 నిమిషాలు. ఆ తర్వాత మందు ఇచ్చి కొకైన్‌కైతే 60 నుంచి 90 నిమిషాలు, ఆంఫెటమిన్‌కైతే 120 నుంచి 180 నిమిషాలు. దత్తాంశాన్ని 5 నిమిషాల ముక్కలుగా దాచండి. అలవాటు దశ వదిలేస్తే కొత్త పెట్టె వల్ల పుట్టిన తిరుగుడు, మందు వల్ల పుట్టిన తిరుగుడు కలిసిపోతాయి. ఆ 60 నిమిషాల దూరాన్ని పారేయకండి. కొత్త చోట ఎక్కువ తిరిగే ఎలుకలు ఉత్తేజకాలకు కూడా ఎక్కువ స్పందిస్తాయి. గుంపులను సమంగా పంచడానికి ఆ అంకె పనికొస్తుంది.

దూరంతో పాటు స్టీరియోటిపీ స్కోరు తప్పనిసరి. 0 నుంచి 6 దాకా ఉన్న కొలబద్ద చాలు. 0 అంటే నిద్ర లేదా కదలకపోవడం. 1 అంటే మామూలు చురుకు. 2లో తిరుగుతూనే మధ్యమధ్య వాసన చూడడం, వెనక కాళ్ల మీద లేవడం పదేపదే కనిపిస్తాయి. 3లో అవే ప్రధానమవుతాయి, కానీ పెట్టెలో చాలా మేర సాగుతాయి. 4లో ఒకేచోట ఆపకుండా వాసన చూస్తుంది. 5లో దానికి తోడు కొరకడం, నాకడం అప్పుడప్పుడూ వస్తాయి. 6లో ఆగకుండా కొరుకుతూ, నాకుతూ ఉంటుంది. ప్రతి 10 నిమిషాలకు ఒక నిమిషం చూసి స్కోరు వేయండి. వీడియోలో కనీసం ఐదో వంతును మరో మనిషితో కూడా వేయించి, ఇద్దరి స్కోర్లు ఎంత కలిశాయో లెక్కించండి.

డోసు పెరిగేకొద్దీ దూరం పెరిగి, తర్వాత తగ్గుతుంది. స్టీరియోటిపీ మాత్రం పెరుగుతూ పోతుంది. ఈ రెండు గీతలనూ ఒకే పటంలో గీస్తేనే కథ అర్థమవుతుంది. దీనికి మెదడులో కూడా ఆధారముంది. అకంబెన్స్‌లోని డోపమైన్ తంతువులను 6-హైడ్రాక్సీడోపమైన్ అనే విషంతో నాశనం చేస్తే ఆంఫెటమిన్ వల్ల వచ్చే నడక పోతుంది. డోర్సల్ స్ట్రయేటమ్‌లో నాశనం చేస్తే స్టీరియోటిపీ పోతుంది. 1975 నాటి ఈ ఫలితం ఇప్పటికీ పాఠ్యాంశమే. కాబట్టి ప్రోబ్ ఎక్కడ దించాలన్నది మీరు ఏ ప్రవర్తనను అడుగుతున్నారన్న దాన్ని బట్టే ఉంటుంది.

శరీర ఉష్ణోగ్రత కూడా కొలవండి. గది 20 నుంచి 24 డిగ్రీల మధ్య ఉండాలి. గుంపుగా కుక్కిన చిట్టెలుకల్లో ఆంఫెటమిన్ వల్ల చావులు పెరుగుతాయని 1940ల నుంచే తెలుసు. డోసు ఇచ్చాక ఒక్కోదాన్ని వేరుగా ఉంచండి. మూర్ఛ వచ్చినా, ఉష్ణోగ్రత 41 డిగ్రీలు దాటినా ప్రయోగం అక్కడితో ఆపి జంతువును చూసుకోవాలి. ఈ హద్దులను ముందే రాతలో పెట్టండి.

6. సర్జరీ

ఐసోఫ్లురేన్ 4 నుంచి 5 శాతంతో మత్తు పెట్టి, 1.5 నుంచి 2.5 శాతంతో కొనసాగించండి. నొప్పి మందు కోతకు ముందే పడాలి. కార్‌ప్రొఫెన్ కిలోకు 5 మి.గ్రా. చర్మం కింద ఇవ్వడం వాడుకలో ఉంది. కళ్లకు ఆయింట్‌మెంట్, కింద 37 డిగ్రీల వేడి ప్యాడ్ పెట్టండి. కాలి వేళ్ల మధ్య గిల్లితే కాలు లాక్కోకూడదు.

ఎలుక తలను స్టీరియోటాక్సిక్ ఫ్రేములో (తలను కదలకుండా పట్టి, మెదడులో చోటును కొలతలతో గుర్తించే చట్రంలో) బిగించాక అసలు పని పుర్రెను సమతలం చేయడం. పుర్రె ఎముకలు కలిసే గుర్తులైన బ్రెగ్మా (ముందుది), లామ్డా (వెనకది) రెండూ ఒకే ఎత్తులో ఉండాలి, తేడా 0.1 మి.మీ. మించకూడదు. పెద్ద ఎలుకల్లో పంటి పట్టీ సుమారు మైనస్ 3.3 మి.మీ. దగ్గర ఉంటే ఇది కుదురుతుంది, కానీ పట్టీ అంకెను నమ్ముకోకుండా ఎత్తు కొలిచే తేల్చుకోండి. అడ్డంగా కూడా చూడాలి. మధ్యగీత నుంచి రెండు పక్కలా 2 మి.మీ. దూరంలో ఎత్తు సమానంగా ఉండాలి. లోతుగా దించే ప్రోబ్‌కు ఒక్క డిగ్రీ వంపు కూడా 8 మి.మీ. లోతున దాదాపు 0.14 మి.మీ. పక్కకు పోవడానికి చాలు. అకంబెన్స్‌లో షెల్ (బయటి), కోర్ (లోపలి) భాగాలు విడదీయాలనుకుంటే ఆ కొంచెమే కొంప ముంచుతుంది.

సుమారు 300 గ్రాముల ఎలుకలో అకంబెన్స్‌కు ప్రోబ్ కొన బ్రెగ్మాకు ముందు 1.7, పక్కకు 1.4, పుర్రె పైనుంచి లోతు 8 మి.మీ. దగ్గర మొదలుపెట్టి సరిచూసుకోండి. డోర్సల్ స్ట్రయేటమ్‌కు ముందు 1.0, పక్కకు 3.0, లోతు 6 మి.మీ. దగ్గర మొదలుపెట్టండి. వయసు, జాతి మారితే ఇవి మారతాయి. రెండు మూడు జంతువుల్లో రంగు ఎక్కించి, మెదడు కోసి చూశాకే అంకెలను ఖాయం చేయండి. గైడ్ కాన్యులా (ప్రోబ్‌కు దారి చూపే గొట్టం) కొన ప్రోబ్ మెంబ్రేన్ పొడవుకు పైనే ఆగాలి, లేదంటే కొలవాల్సిన కణజాలాన్ని కాన్యులానే చిదిమేస్తుంది. మూడు స్క్రూలు, డెంటల్ సిమెంట్‌తో బిగించండి. పుర్రె ఎముక పూర్తిగా ఆరకపోతే సిమెంట్ టోపీ మొత్తం వారంలోపే ఊడొస్తుంది. కోలుకోవడానికి 5 నుంచి 7 రోజులు ఇవ్వండి, రోజూ బరువు చూడండి.

7. మైక్రోడయాలిసిస్

ప్రోబ్ అంటే కొనన సన్నని మెంబ్రేన్ ఉన్న గొట్టం. లోపల ద్రావణం పారుతుంటే బయటి చిన్న అణువులు మెంబ్రేన్ దాటి అందులోకి చేరతాయి. అకంబెన్స్‌కు 2 మి.మీ. మెంబ్రేన్, డోర్సల్ స్ట్రయేటమ్‌కు 3 మి.మీ. దాకా పెట్టొచ్చు.

రింగర్ ద్రావణం 1 లీటరుకు: సోడియం క్లోరైడ్ 8.59 గ్రా., పొటాషియం క్లోరైడ్ 0.20 గ్రా., కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ 0.18 గ్రా., మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ 0.17 గ్రా. దీనితో కాల్షియం 1.2 మిల్లీమోలార్ వస్తుంది, ఇది మెదడు ద్రవానికి దగ్గర. కొన్ని పాత పద్ధతుల్లో 2.3, అంతకంటే ఎక్కువ కూడా వాడారు. కాల్షియం పెంచితే డోపమైన్ అంకె పెద్దదవుతుంది, పీకు (8వ మెట్టులోని యంత్రం గీసే శిఖరం) సులువుగా కనిపిస్తుంది, కానీ మందుకు వచ్చే స్పందన స్వరూపం మారిపోతుంది. ఆ ఆశకు పోకండి. 0.2 మైక్రాన్ ఫిల్టరులో వడకట్టి, గాలి తీసేయండి. ట్యూబులో ఒక్క బుడగ చాలు, రోజంతా పాడవుతుంది.

ప్రోబ్‌ను ముందురోజు సాయంత్రమే దించి, రాత్రంతా నిమిషానికి 0.2 నుంచి 0.5 మైక్రోలీటర్ల వేగంతో పారనివ్వండి. దించిన మొదటి గంటల్లో కనిపించే డోపమైన్ చిరిగిన తంతువుల నుంచి కారినది, దాన్ని బేస్‌లైన్ (మందుకు ముందటి స్థాయి) అనుకోకూడదు. ఉదయం వేగాన్ని 1.5 మైక్రోలీటర్లకు పెంచి, గంటన్నర ఆగి, 20 నిమిషాలకో శాంపిల్ తీయండి. వరసగా మూడు శాంపిళ్లు ఒకదానికొకటి 10 నుంచి 15 శాతం లోపు ఉంటేనే మందు ఇవ్వండి. నాలుగైదు శాంపిళ్లయినా నిలకడ రాకపోతే ఆ రోజు ఆ జంతువును వదిలేయడమే మంచిది.

ట్యూబులో పట్టే కాలాన్ని మరవకండి. 0.12 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న ట్యూబు 10 సెం.మీ.లో సుమారు 1.2 మైక్రోలీటర్లు పడుతుంది. బయటికి వచ్చే ట్యూబు 50 సెం.మీ. ఉంటే 6 మైక్రోలీటర్లు, అంటే 4 నిమిషాల ఆలస్యం. దీన్ని సరిచేయకపోతే డోపమైన్ కంటే ప్రవర్తనే ముందు మారినట్టు కనబడి, లేని కథ పుడుతుంది.

కొకైన్‌తో డోపమైన్ 20 నుంచి 40 నిమిషాల్లో శిఖరానికి చేరి, రెండు గంటలకు దాదాపు దిగుతుంది. 10 నుంచి 15 మి.గ్రా. డోసులకు బేస్‌లైన్‌కు రెండు నుంచి నాలుగు రెట్లు రావడం మామూలు. ఆంఫెటమిన్ శిఖరం 40 నుంచి 60 నిమిషాల దగ్గర, ఎత్తు ఇంకా ఎక్కువ, దిగడం నెమ్మది. స్వేచ్ఛగా తిరిగే ఎలుకల్లో కొకైన్, ఆంఫెటమిన్ లాంటి మందులు డోర్సల్ స్ట్రయేటమ్ కంటే అకంబెన్స్‌లో డోపమైన్‌ను ఎక్కువగా పెంచుతాయని 1988లో చూపించారు. మీ ఫలితం పూర్తిగా దీనికి ఎదురుగా వస్తే ముందు ప్రోబ్ చోటును అనుమానించండి.

8. హెచ్‌పీఎల్‌సీ

హెచ్‌పీఎల్‌సీ అంటే ద్రవంలోని పదార్థాలను కాలమ్‌లో విడదీసి ఒక్కోదాన్నీ కొలిచే పద్ధతి. డయాలిసేట్‌లో, అంటే ప్రోబ్ నుంచి వచ్చిన ద్రవంలో, డోపమైన్ కొద్ది నానోమోలార్లే. దాని విచ్ఛిన్న పదార్థాలైన డోప్యాక్, హెచ్‌వీఏ వందల రెట్లు ఎక్కువ. చిన్న పీకు పెద్ద పీకుల నీడలో పడకుండా చూడడమే ఇక్కడి నైపుణ్యం. సీ18 కాలమ్, ఎలక్ట్రోకెమికల్ డిటెక్టర్ వాడండి. మొబైల్ ఫేజ్‌లో ఫాస్ఫేట్ బఫర్, ఈడీటీఏ, ఆక్టేన్ సల్ఫోనేట్, 8 నుంచి 10 శాతం మిథనాల్ ఉంటాయి. ఆక్టేన్ సల్ఫోనేట్ పెంచితే డోపమైన్ పీకు ఆలస్యంగా వస్తుంది, డోప్యాక్ పెద్దగా కదలదు. పీహెచ్ తగ్గిస్తే డోప్యాక్ ఆలస్యమవుతుంది. ఈ రెండు పిడులతోనే చాలా చిక్కులు విప్పొచ్చు.

డోపమైన్ గాలి తగిలితే ఆక్సీకరణ చెందుతుంది. శాంపిల్ సీసాలో ముందే కొద్దిగా పలుచని పెర్‌క్లోరిక్ ఆమ్లం వేసి, 4 డిగ్రీల దగ్గర పట్టి, వెంటనే ఇంజెక్ట్ చేయండి. కుదరకపోతే మైనస్ 80లో దాచండి. స్టాండర్డ్‌లను పని రోజునే, అదే ఆమ్లం కలిపిన రింగర్‌లో పలుచన చేయండి. నీటిలో చేసిన స్టాండర్డ్ వేరే చోట పీకు ఇస్తుంది.

9. ఆ పీకు నిజంగా డోపమైనేనా, అది నాడీకణం నుంచే వచ్చిందా?

ఈ మెట్టును దాటేసేవారే ఎక్కువ. రింగర్‌లో 1 మైక్రోమోలార్ టెట్రోడోటాక్సిన్ కలిపి పారిస్తే నాడీ స్పందనలు ఆగిపోతాయి. బేస్‌లైన్ డోపమైన్ చాలావరకు పడిపోవాలి. పడకపోతే మీరు కొలుస్తున్నది గాయం నుంచి కారేదో, వేరే పదార్థం పీకో అయి ఉంటుంది. టెట్రోడోటాక్సిన్ ప్రాణాంతక విషం. దాన్ని తూచేవారికి ప్రత్యేక శిక్షణ ఉండాలి.

ఇదే పరీక్ష మందు పనితీరును కూడా బయటపెడుతుంది. టెట్రోడోటాక్సిన్ పారుతుండగా కొకైన్ ఇస్తే డోపమైన్ పెరుగుదల పోతుంది, ఆంఫెటమిన్ ఇస్తే నిలుస్తుంది. డోప్యాక్‌ను కూడా చూడండి. ఆంఫెటమిన్ తర్వాత డోప్యాక్ స్పష్టంగా పడిపోతుంది. కొకైన్ తర్వాత పెద్ద మార్పు ఉండదు. డోపమైన్ పెరిగి, ఆంఫెటమిన్ ఇచ్చినా డోప్యాక్ కదలకపోతే సీసాలో ఏముందో మళ్లీ చూసుకోవాలి.

10. వేగంగా చూడాలంటే

20 నిమిషాల శాంపిల్‌లో క్షణాల మార్పులు కనబడవు. వాటికి కార్బన్ ఫైబర్ వోల్టామెట్రీ ఉంది. 7 మైక్రాన్ల ఫైబర్ మీద మైనస్ 0.4 నుంచి ప్లస్ 1.3 వోల్టుల దాకా సెకనుకు 400 వోల్టుల వేగంతో, సెకనుకు పదిసార్లు త్రికోణాకార వోల్టేజి నడుపుతారు. కానీ ఇది నేపథ్యాన్ని తీసివేసే పద్ధతి. గంటల మీద నెమ్మదిగా పెరిగే స్థాయిని నమ్మకంగా చెప్పలేదు.

2018లో వచ్చిన డీలైట్, గ్రాబ్ అనే వెలుగు సెన్సర్లతో ఫైబర్ ఫొటోమెట్రీ (సెన్సర్ల వెలుగును సన్నని తంతువు గుండా కొలవడం) ఇప్పుడు వాడుకలోకి వచ్చింది. అయితే ఒక మెలిక ఉంది. డీలైట్‌ను డి1 గ్రాహకం (డోపమైన్ అతుక్కునే ప్రోటీన్లలో ఒకటి) నుంచి, మొదటి గ్రాబ్ సెన్సర్లను డి2 గ్రాహకం నుంచి మలిచారు. అందువల్ల డి1 బ్లాకర్ ఇస్తే డీలైట్ వెలుగు, డి2 బ్లాకర్ ఇస్తే ఆ గ్రాబ్ వెలుగు ఆరిపోతుంది, డోపమైన్ తగ్గకపోయినా సరే. బ్లాకర్ ప్రయోగానికి ఎదుటి రకం సెన్సర్‌ను ఎంచుకోండి.

11. గ్రాహకాలను అడ్డుకుని చూడడం

డి1కు ఎస్‌సీహెచ్ 23390 కిలోకు 0.01 నుంచి 0.05 మి.గ్రా., డి2కు హాలోపెరిడాల్ 0.05 నుంచి 0.1 మి.గ్రా. ఉత్తేజకానికి ముందు ఇస్తారు. ఎస్‌సీహెచ్ 23390ను 15 నుంచి 30 నిమిషాల ముందు ఇస్తే చాలు. ‘బ్లాకర్ + సెలైన్’ గుంపు లేకపోతే ఈ ప్రయోగం దండగ. బ్లాకరే జంతువును బిగుసుకుపోయేలా చేస్తే నడక తగ్గడానికి ఉత్తేజకంతో పనేముంది? మరో తిరకాసు, హాలోపెరిడాల్ డోపమైన్ కణాల మీది డి2 గ్రాహకాలను కూడా అడ్డుకోవడం వల్ల డోపమైన్ విడుదలను తనే పెంచుతుంది. నడక పడిపోయి, డయాలిసేట్‌లో డోపమైన్ ఎగబాకిన పటం చూసి కంగారు పడనక్కర్లేదు.

12. రోజుల తరబడి ఇస్తే

అదే డోసును ఐదు నుంచి ఏడు రోజులు రోజూ ఇచ్చి, ఒకటి నుంచి మూడు వారాలు ఆపి, మళ్లీ తక్కువ డోసు ఇస్తే స్పందన మొదటిసారి కంటే ఎక్కువగా ఉంటుంది. దీన్నే సెన్సిటైజేషన్ అంటారు. ఇంట్లో, అంటే రోజూ ఉండే పంజరంలో, ఇచ్చిన మందు కంటే పరీక్ష పెట్టెలో ఇచ్చిన మందు దీన్ని బలంగా పుట్టిస్తుంది. కాబట్టి మూడు గుంపులు కావాలి: పెట్టెలో మందు పొందినవి, పెట్టెలో సెలైన్ పొంది తర్వాత పంజరంలో మందు పొందినవి, రెండుచోట్లా సెలైనే పొందినవి. చివరి పరీక్షకు ముందు అందరికీ సెలైన్ ఇచ్చి పెట్టెలో వదలండి. మొదటి గుంపు మందు లేకుండానే ఎక్కువ తిరిగితే అది పెట్టెతో ముడిపడిన అలవాటు, సెన్సిటైజేషన్‌లో నుంచి దాన్ని వేరుచేసి చెప్పాలి. ఇంకో చిక్కు ఏమిటంటే, పెద్ద డోసుతో పరీక్షిస్తే సెన్సిటైజ్ అయిన ఎలుక నేరుగా స్టీరియోటిపీలోకి జారి, దూరం తగ్గినట్టు చూపిస్తుంది. అందుకే చివరి డోసు తక్కువుండాలి.

13. లెక్క తేల్చడం

డోపమైన్‌ను బేస్‌లైన్ శాతంగా మాత్రమే చూపకండి. సెన్సిటైజ్ అయిన గుంపులో బేస్‌లైనే వేరుగా ఉంటే శాతం ఆ తేడాను మింగేస్తుంది. నానోమోలార్ విలువ, శాతం రెండూ ఇవ్వండి. ఒక జంతువు నుంచి వచ్చిన 24 కాలఖండాలు 24 నమూనాలు కావు. జంతువును యాదృచ్ఛిక కారకంగా పెట్టి మిక్స్‌డ్ మోడల్ (ఒకే జంతువు కొలతలు ఒకదానికొకటి సంబంధమున్నవని లెక్కలోకి తీసుకునే గణాంక పద్ధతి) నడపండి, డోసు, కాలం, వాటి పరస్పర ప్రభావం చూడండి. ప్రవర్తనను డోపమైన్ శాంపిళ్లతో పోల్చేముందు అదే 20 నిమిషాల కిటికీల్లోకి కలిపి, ట్యూబు ఆలస్యాన్ని సరిచేయండి.

ప్రయోగం అయ్యాక మెదడును 40 మైక్రాన్ల ముక్కలుగా కోసి, క్రెసైల్ వయొలెట్ రంగు వేసి, ప్రోబ్ జాడను అట్లాసుతో పోల్చండి. ఈ పని చేసే మనిషికి కోడు తెలియకూడదు. కోడు విప్పకముందే ఏ జంతువులను తీసేస్తున్నారో రాసి సంతకం పెట్టాలి. విప్పిన తర్వాత తీసేసిన ఒక్క జంతువు కూడా మొత్తం పటాన్ని అనుమానంలో పడేస్తుంది. తప్పుచోట దిగిన ప్రోబ్‌ల విలువలను పారేయకుండా విడిగా చూపండి. అకంబెన్స్‌ను దాటి పక్కకు పోయిన ప్రోబ్‌లలో మందు స్పందన చిన్నగా ఉంటే, సరైన చోట కనిపించిన పెరుగుదల ఆ చోటిదేనని చెప్పడానికి అంతకంటే చవకైన కంట్రోల్ దొరకదు.